ఖరక్ సింగ్ ఇంటి తలుపు

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద 1941లో బందిపోటు దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం దొరక్క వదిలేశారు. కోర్టులో విచారణ దాకా వెళ్లిన కేసు కూడా కాదది. అయినా పోలీసులు ఆయన పేరున ఒక హిస్టరీ షీట్, అంటే నిఘా రికార్డు, తెరిచారు. అక్కణ్ణుంచి ఆయనకు కంటినిండా నిద్ర లేదు. రాత్రిళ్లు చౌకీదారూ కానిస్టేబుళ్లూ వచ్చి తలుపు బాదేవారు. వాకిట్లో నిలబడి కేకలేసేవారు. ఒక్కోసారి లోపలికే వచ్చేసేవారు. పొరుగూరు వెళ్లాలంటే ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పుడు తిరిగొచ్చేదీ చౌకీదారుకు చెప్పి మరీ బయల్దేరాలి. ఆయన వెళ్లే ఊరి స్టేషన్‌కు ముందే కబురు అందేది, అక్కడివాళ్లూ ఆయన మీద కన్నేసి ఉంచేవారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు.

నేను రాజమహేంద్రవరంలో క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేస్తాను. సుప్రీంకోర్టు మన హక్కుల్ని ఎలా మలిచిందో చెప్పాల్సివస్తే కేశవానంద భారతి కేసు దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. 1973లో పదముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని, ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు చీలి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదని తేల్చిన కేసు అది. దాని విలువ తక్కువ కాదు. అయితే నా ఆఫీసు గుమ్మం ఎక్కే మనుషుల బతుకుల్లోకి సుప్రీంకోర్టు ఏ దారిన వచ్చిందో చూపించాలంటే నాకు ఖరక్ సింగ్ కేసే కావాలి. ఒక ఇంటి తలుపు, దాన్ని బాదే చెయ్యి, ఆ చేతికి అధికారం ఎక్కడిదని అడిగిన జడ్జి. ఆ ప్రశ్న అడిగి అరవై ఏళ్లు దాటింది. మన స్టేషన్లలో దానికి జవాబు ఇంకా పూర్తిగా రాలేదు.

ముందు సుప్రీంకోర్టు చేతిలో ఉన్న పనిముట్ల సంగతి చెప్పుకోవాలి. రాజ్యాంగంలోని 13వ అధికరణ ప్రకారం ప్రాథమిక హక్కులకు అడ్డొచ్చే చట్టం ఏదైనా ఆ మేరకు చెల్లదు. హక్కుకు భంగం కలిగినవాళ్లు కింది కోర్టులన్నీ తిరగనక్కర్లేకుండా నేరుగా సుప్రీంకోర్టు గడప తొక్కవచ్చని 32వ అధికరణ చెబుతుంది. అలా గడప తొక్కడం కూడా ప్రాథమిక హక్కే. రాజ్యాంగంలో దేన్ని తీసేస్తే మిగతాదంతా నిరర్థకమవుతుందంటే దీన్నే చూపిస్తానని అంబేడ్కర్ 1948 డిసెంబరు 9న రాజ్యాంగ సభలో చెప్పారు. హైకోర్టులకు ఇలాంటి అధికారమే 226వ అధికరణ కింద ఉంది. ఇక సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని 141వ అధికరణ చెబుతుంది. నేను వాదించే మేజిస్ట్రేటు కోర్టులో ఢిల్లీ తీర్పు నకలు చేతిలో పట్టుకుని నిలబడగలుగుతున్నానంటే దానికి బలం ఈ చివరి అధికరణే.

ఇవన్నీ ఉన్నా, హక్కుల వాక్యాలు చాలా చిన్నవి. చట్టం నిర్ణయించిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణాన్నీ వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించకూడదని 21వ అధికరణ అంటుంది. అంతే. స్వేచ్ఛ అంటే జైల్లో వేయకుండా ఉండటమేనా? ఇంట్లో ప్రశాంతంగా నిద్రపోవడం అందులోకి వస్తుందా? ఎవరూ వెంటపడకుండా సంతకు వెళ్లి రావడం వస్తుందా? రాజ్యాంగం రాసినవాళ్లు ఆ జాబితా రాయలేదు. ఆ పని కోర్టుకు వదిలారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదే, 1950లో, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ కేసులో కోర్టు ఈ వాక్యాన్ని చాలా ఇరుగ్గా చదివింది. చట్టమంటూ ఒకటి ఉంటే చాలు, అది న్యాయమైనదా కాదా అన్నది తాము చూడమంది. జస్టిస్ ఫజల్ అలీ ఒప్పుకోలేదు, ఆ పద్ధతి న్యాయంగా కూడా ఉండాలన్నారు. ఆ బెంచిలో ఆ మాట అన్నది ఆయనొక్కరే.

ఖరక్ సింగ్ కేసు పన్నెండేళ్ల తర్వాత వచ్చింది. పోలీసుల చేతిలో ఉన్నది ఉత్తరప్రదేశ్ పోలీసు రెగ్యులేషన్లలోని 236వ నిబంధన. ఇంటి దగ్గర రహస్యంగా మాటు వేయడం, రాత్రిళ్లు ఇంటికి వెళ్లి చూడటం, ఎస్సైకి తగ్గని అధికారి అప్పుడప్పుడూ అతని అలవాట్లు, సావాసాలు, రాబడి, ఖర్చు ఆరా తీయడం, రాకపోకలు నమోదు చేయడం అందులో ఉన్నాయి. దాన్ని ఏ శాసనసభా చర్చించి ఓటేసి చేయలేదు. పోలీసు శాఖ తన సిబ్బంది కోసం రాసుకున్న సూచనలవి. వాటి వెనక చట్టం లేదన్న సంగతి కోర్టులో ప్రభుత్వమే ఒప్పుకుంది.

1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల తీర్పు వచ్చింది. నలుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టడం వ్యక్తిగత స్వేచ్ఛకు భంగమని మెజారిటీ ఒప్పుకుంది, ఆ ఒక్క అంశాన్నే కొట్టేసింది. మిగిలినదంతా నిలబెట్టింది. వీధిలో మాటు వేసి చూడటం, ఎక్కడికి వెళ్తున్నాడో రాసుకోవడం అతని స్వేచ్ఛకు అడ్డు కాదంది. గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని కూడా రాసింది. ఆ చివరి వాక్యం తర్వాత 55 ఏళ్లపాటు ప్రభుత్వాల చేతిలో ఆయుధమైంది.

మిగిలిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ జె.సి. షా. ఇద్దరి తరఫునా తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన మా రాజమండ్రిలో పుట్టినవారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి. తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చారు, పదవి వదిలి 1967లో రాష్ట్రపతి ఎన్నికల్లో జాకిర్ హుస్సేన్ మీద పోటీ చేశారు. వీటివల్లే ఆయన పేరు ఎక్కువమందికి తెలుసు. నాకు మాత్రం ఆయన రాసినవాటన్నిటిలోకీ ఈ మైనారిటీ తీర్పే గొప్పదనిపిస్తుంది. ఆయన వాదన ఇది. రాజ్యాంగంలో గోప్యత అన్న మాట కనపడకపోవచ్చు, కానీ అది వ్యక్తిగత స్వేచ్ఛలో విడదీయరాని భాగం. మనిషి ఒంటికి సంకెళ్లు వేస్తేనే స్వేచ్ఛ పోయినట్టు కాదు. అనుక్షణం ఒకరు చూస్తున్నారని తెలిసినప్పుడు మనసు ముడుచుకుపోతుంది. అలాంటివాడు రోడ్డు మీద నడుస్తున్నా స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు, అతనికి దేశమంతా జైలే. ఇల్లు మనిషికి ఆఖరి ఆశ్రయం. కనుక తలుపు తట్టడం ఒక్కటే కాదు, ఆ 236వ నిబంధన మొత్తం చెల్లదు.

జూనియర్లు నన్ను తరచూ అడుగుతుంటారు: ఓడిపోయిన తీర్పు చదివి లాభమేముంది మేడమ్ అని. మైనారిటీ తీర్పు చట్టం కాదు, నిజమే. దాన్ని చూపించి మేజిస్ట్రేటు చేత ఒక్క ఆర్డరు వేయించలేం. అయితే అది మెజారిటీ తీర్పుతో పాటు అదే పుస్తకంలో అచ్చవుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో లాయరు, ఇంకో మనిషి కష్టం చేతబట్టుకుని, అదే పేజీ తెరిచి, ఆనాడు ఈయన చెప్పిందే సరైనదని వాదించవచ్చు. కోర్టు తన పాత మాటను తానే మార్చుకునే దారి అలా తెరుచుకుని ఉంటుంది. ఎక్కువమంది జడ్జీల పాత తీర్పును తక్కువమంది కాదనలేరు గనుక అందుకు ఇంకా పెద్ద బెంచి కూర్చోవాలి. అందుకే అన్నేళ్లు పడుతుంది.

ఆ ఎదురుచూపు మధ్యలో మన సుప్రీంకోర్టు చరిత్రలోకెల్లా చీకటి రోజు వచ్చింది. ఎమర్జెన్సీలో వేలమందిని విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. వాళ్లను కోర్టు ముందుకు తెమ్మని హెబియస్ కార్పస్ పిటిషన్లు వేస్తే తొమ్మిది హైకోర్టులు వినడానికి ఒప్పుకున్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. ఎ.డి.ఎం. జబల్‌పూర్ కేసంటారు దీన్ని. వాదనల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్‌ను ఒక ప్రశ్న అడిగారు: ఒక పోలీసు సొంత పగతో ఎవరినైనా చంపేస్తే ఈ కోర్టులో దిక్కుంటుందా? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం ఉండదని జవాబు వచ్చింది. ఆ జవాబు విన్నాక కూడా, 1976 ఏప్రిల్ 28న, ఐదుగురిలో నలుగురు ప్రభుత్వం పక్షానే తీర్పిచ్చారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి ఏడాది ప్రధాన న్యాయమూర్తి పదవి సీనియారిటీ ప్రకారం ఆయనకు రావాలి, ఇవ్వలేదు, రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే, మే నెలలో, కోకా సుబ్బారావు కన్నుమూశారు. తన మాట నెగ్గడం ఆయన చూడలేదు.

ఎమర్జెన్సీ పోయాక 44వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఇక మీదట ఎమర్జెన్సీలో కూడా 21వ అధికరణను పక్కన పెట్టడానికి వీల్లేదు. కోర్టు కూడా తన తప్పు దిద్దుకునే పనిలో పడింది. 1978 జనవరి 25న మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో, పద్ధతి ఒకటి ఉంటే చాలదు, అది న్యాయంగా, సహేతుకంగా ఉండాలని చెప్పింది. ఆనాడు ఫజల్ అలీ అన్న మాటకు అలా విలువ వచ్చింది. అక్కణ్ణుంచి 21వ అధికరణ వెడల్పవుతూ పోయింది. విచారణ మొదలుకాకుండానే ఏళ్లకేళ్లు జైల్లో మగ్గిన బిహార్ ఖైదీలకు 1979లో సత్వర విచారణ హక్కు దొరికింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కని జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి రాశారు. పార్లమెంటు దాన్ని 2002లో 21ఎ అధికరణగా రాజ్యాంగంలోకి తెచ్చింది.

గోప్యత సంగతికొస్తే, అది మెల్లగా కదిలింది. 1975లో గోవింద్ కేసులో కోర్టు ఆ హక్కు ఉందనుకుందాం అన్నట్టు మాట్లాడి ఆగింది. 1980 నాటి మలక్ సింగ్ కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, నేర నివారణకు నిఘా పెట్టవచ్చు గానీ అది మనిషి గౌరవాన్ని నలిపేసేలా, నలుగురికీ తెలిసేలా ఉండకూడదని హద్దు గీశారు. 1994లో, జైల్లో ఉన్న హంతకుడు ఆటో శంకర్ ఆత్మకథ కేసులో జీవన్ రెడ్డి ఇంకో అడుగు వేసి, మనిషికి తన మానాన తనను వదిలేయమని అడిగే హక్కు 21వ అధికరణలోనే ఉందన్నారు. 2004లో మరో కేసు నేరుగా మన దగ్గర్నుంచే వెళ్లింది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ ప్రకారం కలెక్టరు పంపిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల కాగితాలు చూడవచ్చు, పట్టుకుపోవచ్చు. కెనరా బ్యాంకు మీద హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు వేసిన అప్పీలులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదంది. గోప్యత స్థలాలకు చెందేది కాదు, మనుషులకు చెందేదంది. మన కాగితం బ్యాంకు బీరువాలో ఉన్నా ఆ హక్కు మనల్ని వదిలిపోదు.

ఇన్ని జరిగినా ఖరక్ సింగ్ కేసులోని ఆ వాక్యం పుస్తకంలో అలాగే ఉంది. 2012లో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి, ఎనభై ఏళ్లు పైబడిన వయసులో, ఆధార్ మీద పిటిషన్ వేసినప్పుడు కేంద్రం ఆ వాక్యాన్నే బయటికి తీసింది. 1954లో మరో కేసులో ఎనిమిది మంది, 1962లో ఆరుగురు గోప్యత హక్కు లేదన్నారు కదా, మీరు ముగ్గురు కూర్చుని ఉందని ఎలా అంటారని అడిగింది. ఆ ముగ్గురి బెంచికి పెద్ద మన కృష్ణా జిల్లా పెదముత్తేవి నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చెలమేశ్వర్. 2015 ఆగస్టులో విషయాన్ని పెద్ద బెంచికి పంపారు. చివరికి తొమ్మిది మంది కూర్చున్నారు. వాళ్లలో చెలమేశ్వర్ కూడా ఉన్నారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరైన ఎస్. అబ్దుల్ నజీర్ ఇంకొకరు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఒక్క మాట మీద నిలబడ్డారు. గోప్యత ప్రాథమిక హక్కే. ఖరక్ సింగ్ కేసులో ఆ వాక్యం తప్పు. జస్టిస్ నారిమన్ మూడు గొప్ప అసమ్మతి తీర్పుల్ని పేరు పెట్టి తలుచుకున్నారు: గోపాలన్ కేసులో ఫజల్ అలీది, ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావుది, ఎమర్జెన్సీ కేసులో ఖన్నాది. జస్టిస్ డి.వై. చంద్రచూడ్ అదే తీర్పులో ఎ.డి.ఎం. జబల్‌పూర్ తీర్పును కూడా కొట్టేశారు. 1976లో ఆ మెజారిటీలో ఉన్న నలుగురిలో ఒకరు ఆయన తండ్రి. ఆ రోజు మా బార్ అసోసియేషన్‌లో ఫోన్లలో తీర్పు చదువుకుంటూ పెద్దవాళ్లు చాలాసేపు కూర్చున్నారు. సుబ్బారావు గారి పేరు వచ్చిన పేరా దగ్గర ఒక సీనియరు ఫోను నాకిచ్చి గట్టిగా చదవమన్నారు. చదువుతుంటే గొంతు పూడుకుపోయింది.

మా పనికి పనికొచ్చే భాగం ఆ తీర్పులో ఇంకొకటుంది. ప్రభుత్వం ఒకరి గోప్యతలో తలదూర్చాలంటే అడగాల్సిన ప్రశ్నలు అందులో తేలాయి. దానికి చట్టం ఉందా? న్యాయమైన ప్రయోజనం ఉందా? ఆ ప్రయోజనానికి ఎంత అవసరమో అంతే చేస్తున్నారా? మొదటి ప్రశ్న దగ్గరే మన స్టేషన్లలో ఉన్న రౌడీ షీట్లు ఆగిపోవాలి.

రౌడీ షీటు, సస్పెక్టు షీటు, కె.డి. షీటు, డి.సి. షీటు: పేర్లు వేరైనా ఇవన్నీ ఖరక్ సింగ్ హిస్టరీ షీటుకు దాయాదులు. వీటికి ఆధారం పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు, అంటే మళ్లీ శాఖ తనకు తాను రాసుకున్నవే. నా క్లయింటు ఒకతను ఉన్నాడు. పేరూ ఊరూ చెప్పను. పంతొమ్మిదేళ్ల వయసులో జాతరలో జరిగిన కొట్లాటలో ముద్దాయి. లోక్ అదాలత్‌లో రాజీ అయి కేసు పోయింది. షీటు పోలేదు. ఇప్పుడతనికి నలభై దాటాయి, సెంటర్లో టిఫిన్ బండి. ఎన్నికలొస్తే బైండోవర్. వినాయక నిమజ్జనమొస్తే స్టేషన్లో కూర్చోవాల్సి వచ్చేది. ఆదివారం పొద్దున, బండి దగ్గర నాలుగు డబ్బులొచ్చే వేళ, కౌన్సెలింగ్ పేరుతో పిలుపు. రాత్రి కానిస్టేబుల్ వచ్చి గుమ్మంలో నిలబెట్టి, తేదీ, సమయం పడేలా ఫోన్లో ఫోటో తీసుకుని పైవాళ్లకు పంపేవాడు. వాళ్లమ్మ నాతో అన్న మాట మర్చిపోలేను. "వాళ్లు రావడం అలవాటైపోయింది లాయరమ్మా. లైటు వెయ్యమనకుండా ఉంటే చాలు. ఎదురింటోళ్లకి కనపడదు. ఇంట్లో ఎదిగిన ఆడపిల్లుంది."

హైకోర్టులో రిట్ వేశాం. ప్రభుత్వం కౌంటరుతో పాటు షీటు నకలు జత చేసింది. దాన్ని చదివిన మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం ఇలాంటి షీటును ఏటా డిసెంబరు చివర ఒక పై అధికారి చూసి, ఉంచాలో మూసెయ్యాలో నిర్ణయించాలి. చూశారు, సంతకాలున్నాయి. ఏ ఏడు చూసినా ఒకే వాక్యం: ఇతని కదలికలపై నిఘా కొనసాగించుట అవసరం. ఎందుకు అవసరమో ఎక్కడా లేదు. అతను బెంగళూరులో మెట్రో పనుల్లో వెల్డరుగా ఉన్న రోజుల పేజీలు తిప్పాను. కాంట్రాక్టరు ఇచ్చిన గేటు పాసులు, జీతం చీటీలు అతని ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. షీటులో మాత్రం ఆ నెలల్లో అతను ఊళ్లోనే ఉన్నాడు, చెడు సావాసాలు చేస్తున్నాడు. అతన్ని చూడకుండానే, పాత పేజీలో ఉన్నది కొత్త పేజీలోకి ఎక్కించారన్నమాట. ఆ పేజీలూ జీతం చీటీలూ పక్కపక్కన పెట్టి కోర్టుకు చూపించాం. కోర్టు పెద్ద సిద్ధాంతాల జోలికి పోలేదు. ఇన్నేళ్లుగా కొత్త కేసు లేదు, కారణం రాయలేదు, కనుక షీటు మూసెయ్యండి అంది. మాకు కావలసిందీ అదే.

సిద్ధాంతం దగ్గరికి వెళ్లిన తీర్పు కూడా ఉంది. 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం, పుట్టస్వామి తీర్పు వచ్చాక చట్టం బలం లేని స్టాండింగ్ ఆర్డర్లతో రౌడీ షీట్లు తెరవడం, కొనసాగించడం కుదరదంది. సుబ్బారావు గారి వాదన ఆయన సొంత రాష్ట్రానికి అరవై ఏళ్లకు చేరింది. ఆ తీర్పు అప్పీలులోకి వెళ్లింది. 2024 మే 7న సుప్రీంకోర్టు, ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లా ఖాన్ హిస్టరీ షీటు కేసులో, వెనకబడిన కులాల్లో, వర్గాల్లో పుట్టారన్న కారణానికే అమాయకుల పేర్లు ఇలాంటి రికార్డుల్లోకి యాంత్రికంగా ఎక్కుతున్నాయన్న ఆందోళన వ్యక్తం చేసింది. తమ విధానాలు మళ్లీ చూసుకోమని అన్ని రాష్ట్రాలకూ తనంతట తానే చెప్పింది. దీన్ని నేను పెద్ద మాటగానే చూస్తాను. నా దగ్గరికి షీట్లతో వచ్చేవాళ్లు ఏ పేటల నుంచి వస్తారో నాకు తెలుసు.

సుప్రీంకోర్టు ప్రతిసారీ పౌరుడి వైపే నిలబడిందని చెప్పను. గోప్యత హక్కుందని చెప్పిన ఏడాదికే, 2018 సెప్టెంబరు 26న, ఆధార్ చట్టాన్ని నాలుగు-ఒకటి మెజారిటీతో నిలబెట్టింది. ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడగడానికి వీలిచ్చిన సెక్షన్‌ను కొట్టేసింది, బ్యాంకు ఖాతాకూ సిమ్ కార్డుకూ తప్పనిసరి కాదంది. రేషను, పింఛను లాంటి వాటికి మాత్రం ఉంచింది. వేలిముద్ర పడక రేషను దుకాణం దగ్గర్నుంచి ఉత్తి చేతులతో వెనక్కొచ్చే ముసలివాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ అసమ్మతే సరైనదనిపిస్తుంది. అది కూడా పుస్తకంలో అచ్చై ఉంది.

నెగ్గిన తీర్పు కింది దాకా రావడం మరో పోరాటం. ఐటీ చట్టంలో 66ఎ సెక్షన్ ఉండేది. ఫేస్‌బుక్‌లో ఒక వ్యాఖ్య విషయంలో 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరమ్మాయిల్ని అరెస్టు చేశారు, అదే కారణంగా ఒక యువతి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న జస్టిస్ చెలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఆ సెక్షన్‌ను పూర్తిగా కొట్టేశారు. ఆ తర్వాత కూడా దేశమంతటా పోలీసులు దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని 2021లో కోర్టు దృష్టికి వచ్చింది. ఎలా జరిగిందంటే, చట్టం పుస్తకంలో సెక్షన్ అలాగే అచ్చై ఉంది, కొట్టేసిన సంగతి అడుగున ఫుట్‌నోటులో ఉంది. స్టేషన్ రైటరు సెక్షన్ చూస్తాడు, ఫుట్‌నోటు చూడడు. ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించవద్దని 2022 అక్టోబరులో కోర్టు మళ్లీ ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది.

కింది దాకా వచ్చినవీ ఉన్నాయి. అరెస్టు చేసేటప్పుడు మెమో రాయాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, డాక్టరుకు చూపించాలి అని 1996లో డి.కె. బసు కేసులో కోర్టు పెట్టిన నియమాలు ఇప్పుడు రిమాండు కాగితాల్లో కనపడతాయి. అవి పూరించిన తీరు మీద నాకు అభ్యంతరాలున్నా, ఖాళీ ఉంటే మేజిస్ట్రేటు అడుగుతున్నారు. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో ఊరికే అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పాక, అరెస్టు చేయకుండా హాజరవమని ఇచ్చే 41ఎ నోటీసు అన్న మాట పల్లెటూళ్లలో కూడా వినిపిస్తోంది. చట్టం మారి ఇప్పుడది కొత్త సంహితలో 35వ సెక్షన్ అయింది, జనం మాత్రం పాత పేరే వాడుతున్నారు. 

ఇక ముందున్నది ఇంకా కష్టమైన సంగతి. ఖరక్ సింగ్ కాలంలో నిఘాకు ఒక మనిషి రాత్రంతా మేలుకోవాలి. ఇప్పుడు కూడలిలో కెమెరా చాలు. లాక్‌డౌన్ రోజుల్లో హైదరాబాదు పోలీసులు తన మాస్కు తీయించి ఫోటో తీశారని ఒక సామాజిక కార్యకర్త, ముఖాల్ని గుర్తుపట్టే ఆ వ్యవస్థకు చట్టం ఎక్కడుందని తెలంగాణ హైకోర్టులో పిటిషన్ వేశారు. అడిగింది సుబ్బారావు అడిగిన ప్రశ్నే.

ఆ ప్రశ్నకు జవాబు కోర్టుల నుంచే రావాలని ఎదురుచూడటం న్యాయం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ ఈ షీట్ల గురించి చర్చించాలి. నిజంగా అవసరమనుకుంటే చట్టం చేయండి. షీటు తెరిచే ముందు ఆ మనిషికి నోటీసివ్వండి, కారణం రాసి నకలు చేతికివ్వండి, కేసు కొట్టేసిన రోజునే షీటు దానంతటది మూసుకుపోయేలా రాయండి. అవసరం లేదనుకుంటే ఎత్తెయ్యండి. ఎవరో ఒకరు హైకోర్టు దాకా వెళ్లి గెలిస్తే తప్ప దిక్కులేదంటే, వెళ్లలేని వందమంది గుమ్మంలో రాత్రిపూట ఫోటోలు దిగుతూనే ఉంటారు.

ఇది చదివేవారిలో షీటు ఉన్నవాళ్లు గానీ, ఉన్నవాళ్ల తాలూకు మనుషులు గానీ ఉంటే ఒక మాట. మీ కేసు కొట్టేసిన తీర్పుకు సర్టిఫైడ్ కాపీ తీసుకుని దగ్గర పెట్టుకోండి. షీటు మూసెయ్యమని ఎస్పీ గారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. వేరే ఊళ్లో పని చేసి ఉంటే ఆ చీటీలేవీ పారెయ్యొద్దు. లాయరుకు ఇచ్చుకోలేని పరిస్థితైతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుంటుంది, అక్కడికి వెళ్లండి. ఆడవాళ్లకూ, ఎస్సీ, ఎస్టీలకూ, కస్టడీలో ఉన్నవాళ్లకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. హైకోర్టులో వేయాల్సిన రిట్ అయితే అక్కడి న్యాయసేవల కమిటీకి మీ దరఖాస్తు వాళ్లే పంపిస్తారు.